మలబారుకు పోయిన దొడ్డు బియ్యం

ఉగాది నాడు ఏ పొలంలో ఎవరు తొలి సాలు కొడితే, ఆ ఏడంతా ఆ పొలం వాళ్ళ సాగులో ఉన్నట్టు. మా ఊళ్ళో దానికి కాగితం అక్కర్లేదు, పట్వారీ అక్కర్లేదు. పొద్దున్నే ఎడ్ల కొమ్ములకు పసుపు రాసి, నాగలి దింపి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్క సాలు కొడితే చాలు, ఊరంతా ఒప్పుకున్నట్టే. ఆడది మాత్రం నాగలి మేడి పట్టకూడదు. అందుకని మగదిక్కు లేని ఇంటి పొలంలో ఆ సాలు ఎవరు కొట్టాలో పెద్దమనుషులు ముందే మాట్లాడి పెట్టుకుంటారు. నా పెనిమిటి జ్వరంతో పోయిన ఏడు నా పొలం గురించి కూడా అలాగే మాట్లాడుకున్నారు. నేను గడప లోపలే నిలబడి ఉన్నాను. మాట్లాడేవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నా వైపు చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

మాది సుల్తానాబాద్‌కు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. హైదరాబాద్ రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ అయిన తొలి ఏళ్ళు అవి. మా మడులు చెరువు కట్టకు ఆనుకుని పల్లంలో ఉంటాయి. ఎప్పుడూ నీళ్ళు నిలిచే నేల. సన్న వడ్లు వేస్తే పడిపోయి కుళ్ళిపోతాయి. దొడ్డు వడ్లు తప్ప ఇంకేవీ నిలవవు. అప్పటికి పంట కోసి, నూర్చి, ఇంట్లో పోసి ఉంది. అమ్మడమే మిగిలింది.

మా బావ, అంటే నా పెనిమిటికి అన్న, చెడ్డవాడు కాదు. చెప్పేదాకా వినడు, చెప్పిన తర్వాత కూడా వినడు, అంతే. ఆయన తీర్పు ముందే రాసిపెట్టుకుని వచ్చాడు.

"పంట తీస్తవ్, నాకెరుకే. నాట్లేస్తవ్, కలుపు తీస్తవ్, కోతలు కోపిస్తవ్. అమ్ముడెట్ల? అడ్తి కాడ మొగోల్ల నడుమ నిలబడి బేరం జేస్తవా? తమ్ముడున్నన్ని దినాలు వాడు జూసుకున్నడు. గిప్పుడు నీ పొలం నా పొలంల కలుపుకుంట. నీకు, మా అవ్వకు తిండికి గింజలు నేనే కొలిసి పోస్త. ఇంట్ల నిమ్మలంగ కూసోండ్రి," అన్నాడు.

నిమ్మళంగా కూర్చోమన్న ఆ మాటే నన్ను బయటికి లాగింది. అప్పటిదాకా ఆయన ఎదుట గొంతు విప్పినదాన్ని కాదు. గడప దాటి వచ్చి అన్నాను: "గీ పంట నేనే అమ్ముకొస్త బావా. అమ్మలేకపోతే ఉగాది నాడు నీ ఎడ్లు నా పొలంల దింపుకో, నేను అడ్డం రాను. అమ్మితే మాత్రం తొలి సాలు నువ్వే కొట్టాలె, కని నా పేరు మీద కొట్టాలె."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావ కండువా దులిపి భుజాన వేసుకుని, "సరె తియ్యి, సూద్దాం," అన్నాడు. పిల్లలకు బెల్లం ముక్క ఇచ్చి పంపేటప్పుడు అనే మాట అది.

సుల్తానాబాద్‌లో నా పెనిమిటి ఎప్పుడూ వడ్లు దించే అడ్తి ఒక సాయబుది. రైతుల గింజలు బయటి వ్యాపారులకు అమ్మిపెట్టడం ఆయన పని. కొట్టు వెనకాలే వడ్లు పట్టే గిర్ని కూడా ఉంది. నేను కొంగు భుజాల మీదుగా కప్పుకుని కొట్టులోకి పోతే, తక్కెడ దగ్గర ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేశారు. సాయబు మాత్రం లేచి నిలబడ్డాడు.

"మీ ఆయన మంచి మనిషి బేటీ. కూసో. కని ఏం జెయ్యాలె, నీయి దొడ్డు వడ్లాయె. గీ యేడు ఏడ జూసినా దొడ్డయ్యే పండినయ్. పట్నం సేట్లు సన్నయి తప్ప ముట్టుకుంటలేరు. నా కొట్ల పోసినయే అట్లనే పడి ఉన్నయ్."

నేను లేవలేదు. ఇంటికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన ఇంకో రైతుతో మాట్లాడి వచ్చేసరికి కూడా నేను అక్కడే ఉన్నాను. నన్ను చూసి గడ్డం నిమురుకున్నాడు.

"ఒక ముచ్చట ఉన్నది. మలబారు దిక్కు నుంచి ఒకాయన వచ్చి పెద్దపల్లిల దిగిండు. వాళ్ళ ముల్కుల బియ్యం కరువట. దొడ్డు గింజనే కావాల్నంటుండు. కని వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబోసి, గప్పుడు గిర్నిల పట్టియ్యాలె. మనోల్లు ఎవరు జేస్తరు గా పరేషాన్ పని?"

"నేను జేస్త," అన్నాను.

"వస్తదా నీకు?"

"అటుకులకు నానబెట్టి వేయిస్తం గదా. గసుంటిదే గదా."

గసుంటిది కాదని తర్వాత తెలిసింది. అయినా ఆ పూట ఆ మాట నోట్లోంచి వచ్చేసింది, వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మూడు నాలుగు రోజులకు మలబారాయన కొట్టుకు వచ్చాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టాడు. మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద చంకలో గొడుగు. సాయబుతో వచ్చీరాని ఉర్దూలో మాట్లాడాడు. మాటల మధ్యలో చిన్న గుడ్డ మూట విప్పి, పిడికెడు బియ్యం బల్ల మీద పోశాడు. తమ వాళ్ళు తినే బియ్యం అదేనని చెప్పాడట. ముందుకు వంగి చూశాను. లావు గింజ. ఒంటి నిండా తవుడు, ఎర్రటి చారలు. అయ్యో పాపం అనిపించింది. ఇంత ముతక తిండి తింటున్నారు కాబట్టే కదా, మంచి బియ్యం వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు అనుకున్నాను. సాయబు కూడా సరిగ్గా అదే అనుకున్నాడు. "గింజ గింత లావుండాలెనట," అని మాత్రం నాతో చెప్పాడు. గింజ లావు వరకు నాకు దిగులు లేదు.

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళకు వంట చేసే రాగి గంగాళాలు వాడకట్టులో అడిగి తెచ్చాను. వడ్లు మట్టి గోలేల్లో నానబెట్టి, వాసన పట్టకుండా నీళ్ళు మార్చి, పొద్దున్నే నేనూ మా అత్తా పొయ్యి మీదికి ఎక్కించేవాళ్ళం. ఊక, కందికట్టె మంట. గింజ నోరు తెరవగానే దించాలి. ఆలస్యమైతే పేలిపోతుంది, తొందరపడితే లోపల సుద్దలా ఉంటుంది. దించినవి పేడతో అలికిన వాకిట్లో పరిచి, కాళ్ళతో కలియదున్నుతూ ఆరబెట్టాలి. మొదటి గంగాళం పేలింది, రెండోది సుద్దయింది, మూడోది కుదిరింది. వీధి వీధంతా ఉడికిన వడ్ల వాసన. పోయేవాళ్ళంతా ముక్కు మూసుకుని, "ఏమొండుతున్నవ్ సుట్టాలకు?" అని ఎకసెక్కాలు. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చాను. నవ్వితే నా వడ్లు ఆరకుండా పోతాయా?

సగం వడ్లు ఉడికి ఆరాక, ముందు వాటిని గిర్నికి తీసుకుపోయాం. మా అత్త కూడా బండెక్కింది. నా పెనిమిటిని కన్న తల్లి. ఇంట్లో నాకు తోడు ఆమే. ఒకసారి పట్టాక గిర్ని కింద పడ్డ బియ్యాన్ని ఆమె దోసిట్లోకి తీసుకుని చూసింది. పొట్టు ఊడింది కానీ తవుడు అలాగే ఉంది. ముదురు రంగు, ఎర్ర చారలు.

"గిట్లనే పంపుతవా పిల్లా? పరాయి ముల్కోల్లు తినే బువ్వ. పెండ్లికి పక్క ఊరోల్లకు పెట్టినా రెండుసార్లు పట్టిచ్చి తెల్లగ జేసి పెడ్తం. మన ఇజ్జత్ ఏంగావాలె?"

ఆమె మాటలో తప్పేముంది? మా ఇళ్ళల్లో మేం తినేది జొన్న గట్క. పండక్కో, ఒంట్లో బాగాలేకనో అన్నం వండితే, దంచిన ఎర్ర బియ్యమే. తెల్ల బియ్యం చుట్టాలకు, అధికారులకు, పెళ్ళివారికి. గౌరవం అంటేనే తెలుపు మాకు. మొట్టమొదటిసారి మా మడి గింజ రైలెక్కి ఊరుగాని ఊరు పోతుంటే, దాన్ని పని బట్టలతో పంపుతామా? రెండోసారి వేయించాను. అదీ చాలదనిపించి మూడోసారి కూడా వేయించాను. చెరిగి, నూకలు తీసి, మట్టిబెడ్డలు ఏరాం. బియ్యం గాజుపూసల్లా మెరిసింది. అత్త తృప్తిగా తల ఊపింది. నా గుండె కూడా పొంగింది, అబద్ధం ఎందుకు.

మలబారాయన వచ్చి బస్తాలో చెయ్యి పెట్టాడు. తీశాడు. అరచేతిలో రుద్దాడు, ఒక గింజ కొరికాడు. మళ్ళీ బస్తాలోనే వదిలేసి, చేతులు దులుపుకున్నాడు. ఏదో అన్నాడు. సాయబు ముఖం పాలిపోయింది.

"ఏమంటుండు?" అన్నాను.

"తవుడంత మీ బర్రెలకు పెట్టి, మిగిలింది మాకు తెచ్చిండ్రా అంటుండు."

నాకు కాసేపు అర్థం కాలేదు. సాయబు మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుని చెప్పాడు. ఆయన ఆ రోజు బల్ల మీద పోసింది, అలాంటిది కావాలని చూపించడానికే. వాళ్ళకు ఆ తవుడే రుచి, ఆ ఎరుపే బలం. రేవుల్లో మూటలు మోసేవాళ్ళు పొద్దున్నే ఆ అన్నం గంజితో కలిపి తాగి పనికి పోతారట. ఈ తెల్ల మెతుకు తింటే పూట తిరక్కముందే ఆకలేస్తుందని వాళ్ళు ముట్టరట. పాపం అని నేను జాలిపడ్డ బియ్యం కోసమే ఆయన అంత దూరం నుంచి వచ్చాడు.

సిగ్గుతో తల వాలిపోయింది. తర్వాత కోపం వచ్చింది, ఆయన మీద కాదు, నా మీద. కళ్ళ ముందు నమూనా పోసి చూపిస్తే, నాకు తోచిన అర్థం నేను చెప్పుకున్నాను.

"ఇంక సగం వడ్లున్నయ్ నా తాన," అన్నాను సాయబుతో. "గాయినను ఆగుమను."

"ఆయన ఆగుతడు, రైలు డబ్బా ఆగదు బేటీ. డబ్బా దొరుకుడే ముష్కిల్. గీ వారంల పెద్దపల్లికి వస్తదట. వేరేటోల్ల బస్తాలు కూడ ఎక్కుతయ్. అది నిండిపోయిందంటే మల్ల ఎప్పుడో."

"గా వారం సరిపోతది."

తెల్ల బస్తాలు బండి మీద ఇంటికి తిరిగి వచ్చాయి. ఊళ్ళోకి వస్తూనే బావ ఎదురుపడ్డాడు. ఆయన మెట్‌పల్లి దిక్కు తన బిడ్డ అత్తవారింట్లో పెళ్ళికి బయల్దేరుతున్నాడు. బస్తాల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చెప్పిన గదా," అన్నాడు. కసిగా అనలేదు, జాలిగానే అన్నాడు. "ఫికర్ జెయ్యకు. ఉగాది వరకు వస్త. నేను జూసుకుంట."

ఆ జాలే నన్ను పొడిచింది. తిడితే పడి ఉండేదాన్నేమో.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ పొయ్యిలు వెలిగించాను. ఈసారి పేలలేదు, సుద్ద కాలేదు. చేతికి అలవాటైంది. వాడకట్టు ఆడవాళ్ళు నలుగురైదుగురు పిలవకుండానే వచ్చారు. ముక్కు మూసుకున్నవాళ్ళే కొంగు నడుముకు చుట్టి వడ్లు తిరగేశారు. మా అత్త ఒక మూల కూర్చుని పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ, ఎవరూ దగ్గర లేనప్పుడు నన్ను పిలిచింది.

"తెల్లగ పట్టియ్యుమన్నది నేనే. గా ముచ్చట మీ బావకు జెప్పకు."

"చెప్ప తియ్యి అత్తా. నీ ఇజ్జత్ నా తాన పదిలం," అన్నాను. ఇద్దరం నవ్వాం. నా పెనిమిటి పోయాక ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు.

గిర్ని దగ్గర ఇంకో కష్టం. గిర్ని నడిపేవాడికి రెండోసారి వేయడం చేతికి పట్టిన అలవాటు. ఒకసారి పట్టగానే గంప ఎత్తి మళ్ళీ పైన పోయబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్కసారే."

"గిట్లెవరు తింటరమ్మా? సాబ్ తిడుతడు నన్ను."

"సాబ్ తిడితె నన్ను తిట్టుమను. ఇంకొక్కసారి పోసినవనుకో, నీ గిర్ని తోలు పట్టా కొడవలితోని కోస్త."

కొడవలి నా దగ్గర లేదు. అయినా వాడు నమ్మాడు. చివరి బస్తా అయ్యేదాకా తవుడు దుమ్ములో అక్కడే నిలబడ్డాను. బయటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా ఎర్రబడ్డాయి.

పెద్దపల్లి దాకా బస్తాలు చేర్చడానికి ఒక్క బండి చాలదు. ఊళ్ళో మంచి బండ్లు బావవే. ఆయన లేడు. పాలేర్లు ఆయన చెప్పందే ఎడ్లను విప్పరు. నేను తల పట్టుకుని కూర్చుంటే, అత్త కర్ర పట్టుకుని పెద్దకొడుకు కొట్టానికి నడిచింది. నిజాం కాలంలో లెవీ అంటూ సర్కారోళ్ళు గింజలు బండ్లకెత్తుకుపోతుంటే చూసిన మనిషి ఆమె. గింజ ఊరు దాటడం ఆమెకు అప్పటి నుంచీ గిట్టదు. అలాంటిది, కొట్టం ముందు నిలబడి పాలేర్లతో అంది: "నా కొడుకు ఎడ్లు నాయి గావా? కట్టుండ్రి బండ్లు. వాడొచ్చినంక నేను జవాబు జెప్త."

పెద్దపల్లి స్టేషను పక్కన గోదాము ముందు మలబారాయన బస్తా విప్పించాడు. గింజ రుద్దాడు, కొరికాడు. మూడు రాళ్ళు పెట్టించి, చిన్న గిన్నెలో అక్కడే ఉడికించాడు. నేను బండి నీడలో కూర్చుని ఆ గిన్నె వైపే చూస్తున్నాను. నా పొలం ఆ గిన్నెలో ఉడుకుతోంది. డబ్బా తలుపు తెరిచి ఉంది, వేరేవాళ్ళ బస్తాలు ఎక్కుతూనే ఉన్నాయి. ఆయన గంజిలో ఉప్పు వేసుకుని, మెతుకులతో సహా నిలబడే తాగాడు. ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు.

తాగాను. మా ఇంట్లో ఎర్ర బియ్యం వండిన నాడు తాగే గంజే. ఎవరైనా చుట్టం వస్తే గబగబా చాటు చేసే గంజే. ఇంతకాలం సిగ్గుపడి దాచుకున్నదాన్ని ఈ మనిషి రైలెక్కి వచ్చి వెతుక్కుంటున్నాడు.  కొంగుతో ముఖం తుడుచుకున్నాను, తవుడు దుమ్ము అన్నట్టు.

"మంచిగున్నది," అన్నాడాయన. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే కాబోలు. పైకం లెక్కపెట్టి నా చేతికిచ్చాడు. హమాలీలు నా బస్తాలు డబ్బాలోకి ఎక్కించారు. తలుపు మూసి సీలు వేసేదాకా కదల్లేదు నేను. సుల్తానాబాద్ దాటాక తన గింజ ఎటు పోతుందో నా పెనిమిటికి ఎన్నడూ తెలియదు. ఆయన ఉంటే ఆ పూట డబ్బా పక్కన నిలబడి బీడీ వెలిగించుకునేవాడు. అది తలుచుకుని, ఇంటికి వచ్చేదాకా బండిలో ఏడ్చాను.

బావ ఉగాది ముందు రోజు పొద్దుగూకే వేళ ఊరు చేరాడట. మా ఇంటి వసారాలో పేర్చి ఉన్న తెల్ల బియ్యం బస్తాలు దారిలోనే కనిపించాయి ఆయనకు. ఇక అడగడానికి ఏముంది అనుకున్నాడు. మర్నాడు పొద్దున నేను పెరట్లో వేపపువ్వు ఏరుతుంటే, పక్కింటామె గోడ మీదుగా చెప్పింది, "మీ బావ ఎడ్లు మీ మడిల దిగుతున్నయ్" అని.

పువ్వు అక్కడే పారబోసి నడిచాను. పరుగెత్తలేదు. పరుగెత్తితే ఓడినదానిలా ఉంటుంది. వెనకాల అత్త కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను గట్టు ఎక్కేసరికి బావ నాగలి దింపి, మేడి మీద చెయ్యి వేసి ఉన్నాడు. చుట్టూ పొలాల్లో ఊరి మగవాళ్ళు.

"ఆగు బావా. డబ్బా పోయింది."

"ఏం డబ్బా?"

"పెద్దపల్లి నుంచి రైలు డబ్బా. నా బియ్యం మలబారుకు పోయినయ్."

"మరి వసారల బస్తాలో?"

"గవి తెల్లయి. వాళ్ళకు పనికిరావు. మనం తింటం, కూలోల్లకు కొలుస్తం. ఎర్రయి పోయినయ్. నమ్మకపోతే పెద్దపల్లి పోయి అడుగు."

ఆయన వంగి, ఎడ్ల గిట్టలు చూశాడు. వాటి అంచులు కంకర రోడ్డుకు అరిగి ఉన్నాయి.

"నా ఎడ్లు ఎటువోయినయ్?" అన్నాడు.

"నేనే కట్టిచ్చిన," అంది అత్త, ఆయాసపడుతూ గట్టు ఎక్కి. "పెద్దపల్లి పోయొచ్చినయ్. ఏమంటవ్?"

బావ తల్లిని చూశాడు, నన్ను చూశాడు, చుట్టూ పొలాల్లో ఆగిపోయిన మనుషులను చూశాడు. మేడి మీది చెయ్యి తీశాడు. ఎడ్లను తోలుకుని పోతాడనుకున్నాను. సాలు పడని పొలం బీడుతో సమానం. 

ఆయన కండువా తీసి తలకు చుట్టుకున్నాడు. మళ్ళీ మేడి పట్టుకున్నాడు. జీతగాడు ఆసామిని అడిగినట్టు, నా ముఖం చూడకుండా అడిగాడు:

"ఏ గట్టుకెల్లి కొట్టాలె?"

నేను చెయ్యెత్తి తూర్పు గట్టు చూపించాను. ఎడ్లు అటు తిరిగాయి.